టీచరమ్మ మూరన్నర

పనిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడగానే అడిగేది ఒకటే. "పెద్దాయనా, నీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద పని ఏది?" కలిగిరిలో కట్టిన కల్యాణ మండపం గురించి చెబుతాను, ఆత్మకూరులో మూడంతస్తుల షాపుల కాంప్లెక్సు గురించి చెబుతాను. వాళ్లు తలలూపి ఫోన్లలోకి వెళ్లిపోతారు. కానీ నాకు రోజూ గుర్తొచ్చే పని అవేవీ కాదు. ఉదయగిరిలో ఒక వంటిల్లు. తొమ్మిదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. దాని గురించి మా ఇంట్లో కూడా ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు. మరిచిపోయి కాదు, సిగ్గుతో.

నేను ఆత్మకూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. తాపీ పట్టుకుని చేరి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. సూపర్‌వైజర్ అంటే ఏమిటో మీకూ తెలుసు. తప్పు జరిగితే కూలీలను తిట్టాలి, అసలు తప్పే జరగలేదని ఇంటివాళ్లకు చెప్పాలి. ఈ రెండింట్లోనూ నన్ను మించినవాడు మా తాలూకాలో లేడని మా కాంట్రాక్టరు నలుగురిలో మెచ్చుకునేవాడు. అది మెచ్చుకోలే అని నేనూ చాలాకాలం నమ్మాను.

ఆ ఉదయగిరి ఇల్లు చూడగానే నాకు నచ్చింది. చుట్టుపక్కల అందరూ మట్టిమిద్దెలూ పెంకుటిళ్లూ కట్టుకుంటున్న కాలంలో, ప్రాజెక్టు పనుల్లో ఓవర్సీరుగా చేసిన ఒక పెద్దాయన కట్టుకున్న ఇల్లు అది. తిరిగిన చోట్ల చూసొచ్చిన కొత్త ఫ్యాషనంతా ఇక్కడ దించాడు. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. పలచటి స్లాబు గోడలు దాటి మూడడుగులు ముందుకు చాచుకుని ఉంటుంది. వరండాకు లావు స్తంభాలు లేవు, సన్నటి ఇనప గొట్టాలు ఏటవాలుగా నిలబడి కప్పును మోస్తాయి. హాల్లో ఒక గోడంతా అద్దాల కిటికీలు, ఇంకో గోడ పూత లేని కొండరాయి. నేలంతా ఆకుపచ్చ మొజాయిక్. యాభై ఏళ్లు దాటినా ఎక్కడా చిన్న పగులు లేదు. "ఏంది మేస్త్రీ, పాత సినిమాలో ఇల్లు మాదిరి ఉండాది," అన్నాడు మా కూలీల్లో ఒకడు.

పెద్దాయన ఎప్పుడో పోయాడు. ఆ ఇంట్లో అప్పుడు ఉండేది ముగ్గురు. ఆయన కొడుకు, ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. ఈ రిటైరైన సారు కొడుకు, పెళ్లి కుదిరిన కుర్రవాడు. మూడో మనిషి సారు అక్క. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది కనుక ఊరంతా టీచరమ్మ అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. అప్పటికి డెబ్బైకి దగ్గర పడింది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుపడింది. పెళ్లి చేసుకోలేదు. తల్లి లేని మేనల్లుణ్ణి సాకింది ఆమే, ఆ ఇంట్లో మూడు పూటలా వంట చేసేదీ ఆమే.

ఎలా చేసేదంటే, అదే నేను చెప్పబోయే సంగతి. ఓవర్సీరు ఇల్లు కట్టేటప్పటికే ఆమెకు పదహారేళ్లు. కూతురు నిలబడి వంట చెయ్యలేదు, నేల మీద కూర్చుని లేవలేదు. అందుకని ఆయన లారీ షెడ్డు నుంచి బేరింగులు తెప్పించి ఒక పీటకు చక్రాలు బిగించాడు. ఆ పీట మీద కూర్చున్న మనిషికి సరిపోయేట్టు వంటగట్టు కిందికి కట్టించాడు. కిటికీ కూడా ఆ ఎత్తుకే. మొజాయిక్ నేల మీద ఆ పీట జర్రున జారేది. ఆమె కూరగాయల దగ్గర్నుంచి స్టవ్వు దగ్గరికి, స్టవ్వు దగ్గర్నుంచి నీళ్ల దగ్గరికి కుడికాలితో ఒక్క తోపు తోసుకుని పోయేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాతో మాట్లాడుతూనే వంటింటికి ఒక చుట్టు చుట్టి, నా చేతిలో కాఫీ పెట్టింది.

ఇప్పుడు ఇంటికి కోడలు వస్తోంది. కలిగిరి పిల్ల, నర్సు. ఆ పిల్ల నడుము వంచుకుని ఆ కింది గట్టు మీద వంట చెయ్యలేదు. సారు మంచి ఏర్పాటే ఆలోచించాడు. ఒక పక్కన నిలబడి చేసుకునేవాళ్లకు ఎత్తు గట్టు, కిటికీ పక్కన అక్కకు ఎప్పటిలాగా తక్కువ ఎత్తు గట్టు. రెండింటికీ గ్రానైటు, కింద కొత్త టైల్స్. "మా అక్కది మాత్రం ఉన్నట్టే ఉండాల మేస్త్రీ. దాంట్లో తేడా రాకూడదు," అన్నాడు. నేను సరే సార్ అన్నాను. ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట.

సారు అక్కను కళ్ల పరీక్షకు నెల్లూరు తీసుకుపోయిన రోజున మేం పాత గట్టు పగలగొట్టాం. ముసలామె ముందర సుత్తి దెబ్బలెందుకు, ఇంట్లో లేనప్పుడు కానిద్దాం అనుకున్నాను. మంచి ఆలోచనే. పగలగొట్టక ముందు కొలవాలనే ఆలోచన మాత్రం రాలేదు. మొదటి నెలలో నేర్పే పాఠం అది, కూల్చేదాన్ని ముందు కొలుచుకోమని. నేనే ఎంతోమందికి నేర్పాను. ఆ రోజు మధ్యాహ్నానికి శిథిలాలు ట్రాక్టరుకెక్కాయి.

సాయంత్రం టీచరమ్మ వచ్చి వంటింటి గుమ్మంలో ఆగి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె బడిపంతులు, ప్రశ్న అడిగింది.

"పాత గట్టు కొలిచి రాసుకున్నావా మేస్త్రీ?"

"దాందేముంది టీచరమ్మా. మీరు ఎంత ఎత్తు చెప్తే అంత పెడతాం."

"మా నాయన నా మూరకి మూరన్నర పెట్టినాడు. నా మూరకి," అని మోచెయ్యి పీట అంచు మీద ఆనించి, వేళ్లు చాచి నా ముందు పెట్టింది. "కొలుచుకో."

మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. ఎవరి మూర వాళ్లది. మా అవ్వ పూలు కొనేటప్పుడు పొడుగు చేతుల ఆమె దగ్గరే కొనేది. అంత చిన్నప్పుడే తెలిసిన సంగతి. అయినా నేను నవ్వి, "టేపు ఉండగా మూరలెందుకు టీచరమ్మా. మూరంటే పద్దెనిమిది అంగుళాలు. మూరన్నర ఇరవయ్యేడు. రాసుకున్నా లెండి," అన్నాను. ఆమె చెయ్యి ఇంకా చాచే ఉంది. ఒక ముసలి టీచరు నాకు లెక్క చెప్పడమేమిటన్న పొగరు తప్ప, ఆ చెయ్యి కొలవకపోవడానికి ఇంకో కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

టైల్స్ పనికి అనుమసముద్రంపేట నుంచి ఒకతన్ని పిలిపించాం. నాకన్నా పదేళ్లు చిన్న, అన్నా అని పిలిచేవాడు. పనిమంతుడు, మాట తక్కువ. అతను వచ్చిన రోజే టైల్సు సంగతి వదిలేసి, "అమ్మా, మీ పీట ఒకసారి తిప్పి చూపించండి. చక్రం యాడ తట్టుకుంటాదో చూడాల," అన్నాడు. ఆమె తిరిగింది, అతను నేల మీద బోర్లా పడుకుని చక్రాల వైపు చూశాడు. నేను గుమ్మంలో నిలబడి, పని మానేసి ఇదేం వేషమని విసుక్కున్నాను.

గట్లు లేచాయి. గ్రానైటు పలకలు కోసి పరిచాం, అంచులు నున్నగా తిప్పాం. నల్లటి రాయి మీద కిటికీ వెలుగు పడి ముచ్చటగా ఉంది. సారు చూసి మురిసిపోయి, పెళ్లిపనుల మీద బయటికి వెళ్లాడు. టీచరమ్మ పీట తోసుకుంటూ తన గట్టు దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ దాని మీద పెట్టింది. మోచేతులు పైకి లేచాయి, భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయి. కోడిగుడ్డు పగలగొడుతున్నట్టు, పిండి కలుపుతున్నట్టు చేతులు ఆడించి చూసుకుంది.

"ఎత్తయింది మేస్త్రీ."

"లేదు టీచరమ్మా, మీరు చెప్పిన మూరన్నరే."

"నా మూరకా?"

అప్పుడు టేపు తీశాను. ఆమె చెయ్యి చాచింది. పదిహేను అంగుళాలు. పదిహేనుకి ఒకటిన్నర రెట్లు ఇరవై రెండున్నర. నేను పెట్టింది ఇరవయ్యేడు. నాలుగున్నర అంగుళాలు ఎక్కువ. నిలబడేవాళ్లకు ఆ తేడా పెద్దది కాదు. కూర్చుని, భుజం ఎత్తులో మరిగే గిన్నెను దించేవాళ్లకు అది చాలా పెద్దది. దాని మీద స్టవ్వు ఎత్తు ఇంకా ఉండనే ఉంది.

పిల్లలూ, దాన్ని సరిచెయ్యడం ఎంత పనో మీకు తెలుసు. పలక లేపి, స్లాబు పగలగొట్టి, ఒక వరసన్నర ఇటుక తీసేసి, మళ్లీ పోసి పరచాలి. నాలుగు రోజులు. పెళ్లికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. చెయ్యొచ్చు. చెయ్యాలంటే నా కాంట్రాక్టరుతో, సారుతో, నా కూలీలందరి ముందూ "తప్పు నాది" అనాలి. ముప్పై ఏళ్లలో ఆ మాట ఎన్నడూ అనలేదు. నోరు తిరగలేదు.

"నేల ఇంకా పడలేదు గదా టీచరమ్మా," అన్నాను. "టైల్స్ పడితే నేల లేస్తాది. నేల లేస్తే గట్టు దిగతాది. అప్పుడు మీకు అచ్చంగా సరిపోతాది చూడండి."

నేల లేచేది ఒకటిన్నర అంగుళం. మిగిలిన మూడంగుళాల సంగతి నాకు తెలుసు, నా వెనక నిలబడిన టైల్స్ మేస్త్రీకీ తెలుసు. ఆమెకు తెలియదు. ఆమె ముఖం తేటపడింది. "అట్టనా. నాకు తెలీదు నాయనా," అని పీట తిప్పుకుని వెళ్లిపోయింది. నాయనా అంది నన్ను.

టైల్స్ మేస్త్రీ బయట నీళ్ల తొట్టి దగ్గర నన్ను ఆపాడు. "అన్నా, దిగదు."

"తెలుసులేరా. పెండ్లైపోనీ. కోడలొచ్చినాక ఈమె వంట చేసేదేముంది? కూర్చుని తింటాది."

"ఆమెని అడిగినావా, కూర్చుని తింటావా అని?"

"నువ్వు నీ పని చూసుకో."

అతను తన పని చూసుకున్నాడు. ఆమె పీట తట్టుకోకుండా ప్రతి సందూ వేలితో రాసి నున్నగా చేశాడు. పని అయిన రోజు సారు పెట్టించిన భోజనం తినకుండానే బండెక్కాడు. "నాకు ఆయమ్మ ముఖం చూడాలంటే సిగ్గుగా ఉండాదన్నా," అన్నాడు నాతో. తప్పు చేసిన నాకు ఆ పూట బాగానే ఆకలేసింది.

పెళ్లికి రెండు రోజుల ముందు కొత్త వంటింట్లో ప్రార్థన పెట్టుకున్నారు. పాస్టరుగారు వచ్చారు, సంఘం ఆడవాళ్లు పదిమంది వచ్చారు. పని చేసినవాళ్లందరికీ బట్టలు పెడతామని సారు మమ్మల్నీ పిలిచాడు. ప్రార్థన అయ్యాక ఆయనే నవ్వుతూ అన్నాడు, "కొత్త పొయ్యి మీద మొదటి కాఫీ మా అక్కే పెట్టాల. ఈ వంటిల్లు ఆమెది."

టీచరమ్మ పీట మీద తన గట్టు దగ్గరికి వెళ్లింది. టైల్స్ పడ్డాక ఆమె అక్కడ చేతులు పెట్టి చూసుకునే ఉంటుంది. దిగలేదని తెలిసే ఉంటుంది. నాతో ఒక్క మాట అనలేదు, ఇంట్లోవాళ్లతోనూ అనలేదు. పాలు పెట్టింది. పాలు పొంగాయి. మసిగుడ్డతో గిన్నెను రెండు వైపులా పట్టుకుని లేపింది. గిన్నె ఆమె గడ్డం ఎత్తులో ఉంది. భుజాలు వణికాయి. గిన్నె ముందుకు వాలింది.

ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది, పాలు ఒడిలోనూ పడ్డాయి. ఆడవాళ్లు అరుస్తూ చుట్టూ చేరారు, ఎవరో చెంబులతో నీళ్లు పోశారు. సారు గట్టు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"ఎంత ఎత్తు పెట్టినావు మేస్త్రీ ఇది? ఉన్నట్టే పెట్టమని చెప్పలేదా నీకు?"

నేను నోరు తెరిచేలోపు ఆమె మాట్లాడింది. నొప్పితో పళ్లు బిగబట్టి మాట్లాడింది. "అతన్ని ఏమనొద్దురా. నేనే చెప్పినా ఆ కొలత. నా లెక్కే తప్పినాది."

అందరూ నా వైపు తిరిగారు. కూలీలు వాకిట్లో నిలబడి ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నా సగం పాపమే అయ్యేది. నేను మూసుకోలేదు. "అవున్సార్," అన్నాను. "టీచరమ్మ చెప్పిన మూరన్నరే పెట్టినాం."

ఎవరో ఆడమనిషి, "పెద్దతనం గదా, మర్చిపోయి ఉంటాది," అంది. సారు తల పట్టుకున్నాడు. "అక్కా, నీకు గుర్తు లేకపోతే లేదని చెప్పొచ్చు గదా. ఇంగ నువ్వు వంటింట్లోకి రావద్దు. చాలు నువ్వు చేసింది," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. వాళ్లు వచ్చేదాకా మేం వాకిట్లోనే ఉన్నాం. వచ్చాక ఆ గొడవలోనూ మాట తప్పకుండా సారు నాకు పంచె, చొక్కా గుడ్డ పెట్టాడు. నేను వద్దనలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. చిన్నచిన్న మరమ్మతులకు పిలిస్తే వేరేవాళ్లను పంపాను. బస్సులో ఆ దారిన పోతే రెండో వైపు చూసేవాణ్ణి. మోకాళ్లు అరిగిపోయి పని మానేశాను. పోయిన వానాకాలంలో సారు ఫోన్ చేశాడు. "స్లాబు కారతా ఉండాది మేస్త్రీ. రిటైరైనావని తెలుసు. నువ్వైతే ఇల్లు తెలిసినోడివి, ఒక్కసారొచ్చి చూసి చెప్పు." కాదనడానికి సాకు వెతికాను, దొరకలేదు.

వరండాలో టీచరమ్మ పీట మీద కూర్చుని ఉంది. చేతి మీద చర్మం మెరుస్తూ ముడతలు పడింది. నన్ను గుర్తుపట్టి తల ఊపింది. కోడలు పిల్ల డ్యూటీకి వెళ్లే హడావుడిలో మాత్రలూ నీళ్లూ తెచ్చింది.

"బీపీ మాత్ర అత్తా."

"పొద్దున్నే వేసుకున్నా గదమ్మా."

"వేసుకోలేదులే అత్తా, మీకు గుర్తుండదు," అంటూ ఆ పిల్ల అట్ట తిప్పి లెక్క చూసుకుంది. చూసి ఆగింది. ఒకటి తగ్గి ఉంది. వేసుకుంది నిజమే. "సరేలే, ఈ ఒక్కసారి," అని అట్ట పట్టుకుని లోపలికి నడిచింది.

సారు నా వైపు వంగి గొంతు తగ్గించాడు. ఆమెకు వినబడేంతే తగ్గించాడు. "మా అక్కకి మతిమరుపు మేస్త్రీ. గ్యాసు కట్టేసినా అంటే మేం మళ్లీ పోయి చూసుకుంటాం. చదువుకున్న మనిషి, పాపం. నీకు తెలుసు గదా, అప్పట్లో గట్టు కొలత కూడా తప్పు చెప్పింది. అప్పుడే మొదలైనాది. మాకే తెలీలేదు."

ఆరేళ్లుగా నేను అనుకుంటున్నదేమిటంటే, ఆమె వంటిల్లు పోయింది, చెయ్యి కాలింది, అంతే అని. ఆ ఇంట్లో ఆమె మాట విలువ కూడా నేనే తీశానని ఆ నిమిషందాకా నాకు తెలియదు. పిల్లలకు నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి తన మాత్ర తాను మింగానంటే నమ్మేవాళ్లు లేరు.

మోకాళ్లు నొప్పి పుడుతున్నా లేచి నిలబడ్డాను. "సార్, టీచరమ్మ తప్పు చెప్పలేదు," అన్నాను. ఆమె "నా మూరకి" అన్న సంగతి, నేను కొలవని సంగతి, పదిహేను అంగుళాల సంగతి, నేల లేస్తే గట్టు దిగుతుందని నేను ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. దాచుకున్నది బయటపెడితే బరువు తగ్గుతుందంటారు. నాకేమీ తగ్గలేదు. చెబుతున్నకొద్దీ సారు ముఖం మారడం చూస్తున్నాను, అంతే. ఆయన నన్ను తిట్టలేదు. అక్క వైపు చూసి, "అక్కా," అని లేచి ఆమె పీట దగ్గరికి వెళ్లాడు. "రేపే మనుషుల్ని తెచ్చి గట్టు దించి కడతా సార్, నా చేతులతో," అన్నాను.

"వద్దు," అంది టీచరమ్మ. "కోడలు పిల్ల మిక్సీ, గ్రైండరు దాని మీదే పెట్టుకుని ఉండాది. ఇంగ నా చేతులకీ ఆ పని పట్టు తప్పినాది."

గుమ్మంలో నిలబడి అంతా విన్న కోడలు పిల్ల లోపలికి పోయి మాత్రల డబ్బా మొత్తం తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడింది.

టీచరమ్మ డబ్బా మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. కోపం ఉంటే బాగుండును. బడిలో పాఠం అప్పజెప్పని పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఆ పొద్దు జనం ముందర నీ మాట పోతాదని నేను అడ్డం పడినా మేస్త్రీ. పెండ్లి ఇల్లు గదా, రచ్చ ఎందుకని. వాళ్లంతా పోయినాక నువ్వే చెప్తావులే అనుకున్నా. ఇయ్యాల వస్తాడు, రేపొస్తాడు అని చూస్తానే ఉండినా."